అరచేతిది, ఏడ్చేది

మాస్టారు పోయింది మంగళవారం ఉదయం తొమ్మిదీ నలభైకి. పరికరాల వర్క్‌షాపులోని లోహాల గదిలో, అల్యూమినియం నిచ్చెన ఏడో మెట్టు మీద నుంచి పడ్డారు. కింద నిలబడ్డ బావమరిది చేతులు చాచాడు గాని అందుకోలేకపోయాడు. పడేటప్పుడు మాస్టారు ఒక్క మాటే అన్నారట, "పక్కకు జరుగు" అని. ముప్ఫై ఏళ్లు బళ్లో పాఠం చెప్పి, పదకొండేళ్లు ఆ గదిలో సీసాలు చూసుకున్న మనిషికి చివరి మాట అదే.

శుక్రవారం మధ్యాహ్నం రెండూ నలభైకి డిటెక్టివ్ ఆ గది ముందుకొచ్చేసరికి ఇన్‌స్పెక్టరు అప్పటికే వచ్చి ఉన్నాడు. చేతిలో మడత పెట్టిన కాగితం. వరండా బెంచీ మీద, కానిస్టేబుల్ పక్కన, మాస్టారి బావమరిది తల వంచుకుని కూర్చున్నాడు. వర్క్‌షాపంతా ఆయన్ని తాళాల బాబాయ్ అంటుంది. నిచ్చెన కాలి బోల్టు బిగించకుండా వదిలేశాడని, ఒక నిండు ప్రాణం పోవడానికి కారణమయ్యాడని ఆ కాగితంలో రాసి ఉంది. నాలుగు గంటలకు ఆయన్ని స్టేషనుకు తీసుకుపోతారు. తమ్ముణ్ణి తీసుకుపోకుండా చూడమని అమ్మగారు, మాస్టారి భార్య, డిటెక్టివ్‌కి కబురు పెట్టింది. ఆ ఇంటి నుంచి కబురొస్తే డిటెక్టివ్ ఎంత ఫీజని అడిగే మనిషి కాదు.

ఇన్‌స్పెక్టరూ డిటెక్టివూ పదో తరగతిలో మాస్టారి దగ్గరే ఒకే గదిలో కూర్చున్నారు. అతను మొదటి వరస, ఆమె గోడకానుకునే వరస. ఇరవయ్యేడేళ్లు గడిచినా ఆ దూరం తగ్గలేదు.

"గంటా ఇరవై నిమిషాలుంది, చివరి బెంచీ," అన్నాడు అతను. "అమ్మగారి మాట కాదనలేక నిన్ను రానిచ్చాను. బోల్టు ఊడింది, నిచ్చెన జారింది, మనిషి పడ్డాడు. ఇందులో నువ్వు వెతకడానికి ఏం లేదు."

"జారిందా, విరిగిందా?"

"రెండూ ఒకటే."

"మాస్టారి ముందు ఆ మాట అని ఉంటే బెంచీ ఎక్కించేవారు నిన్ను, మొదటి బెంచీ."

అతను నవ్వాడు. నవ్వు బాగానే ఉంది. ఆమె మాత్రం బెంచీ దగ్గరికి వెళ్లి బాబాయ్ ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుంది. పెద్దాయన కళ్లలోకి చూడాలంటే అంత కిందికి దిగాల్సి వచ్చింది.

ఆయన చెప్పినదంతా ఆమె చిన్న పుస్తకంలో గడియారం ముళ్ల వరసలోనే రాసుకుంది. ప్రతి మంగళవారం తొమ్మిదిన్నరకు ఆయనే నిచ్చెనెక్కి, పై అరలోని సీసాలు దించి తూకం చూసుకుంటాడు. మాస్టారు పదకొండేళ్లలో ఒక్కసారీ ఎక్కలేదు. సోమవారం పదకొండింటికి గోడ గడియారానికి బ్యాటరీ వేయడానికి ఎక్కినప్పుడు నిచ్చెన రాయిలా ఉంది. ఒంటిగంట నుంచి రెండింటి దాకా గదికి తాళం వేసి భోజనానికి వెళ్లాడు. తాళంచెవి మామూలుగా గేటు దగ్గరి మేకుకు తగిలించాడు. ఆ పూట మాస్టారిని చూడటానికి పాత విద్యార్థులు అయిదుగురు వచ్చి క్యాంటీన్లో ఆయనతో కలిసి తిన్నారు.

"మీ క్లాసు వాళ్లేనమ్మా. పోలీసు బాబూ వచ్చాడు. ఒకళ్లు ఫోనని, ఒకళ్లు పనని, లేస్తూ కూర్చుంటూ ఉన్నారు. బావగారు నీ గురించి అడిగారు."

డిటెక్టివ్ రాయడం ఆపింది. సోమవారం ఆమెకు పెద్ద పనేమీ లేదు. వచ్చే నెల వెళ్దాంలే అనుకుంది. ఆ సంగతి పుస్తకంలో రాయలేదు.

మంగళవారం పొద్దున ఇంటి మెట్ల మీద బాబాయ్ కాలు మడతపడింది. అక్కయ్య వర్క్‌షాపుకు ఫోన్ చేసి బావగారికి చెప్పింది. తొమ్మిదీ ముప్ఫయ్యైదుకి ఆయన నిచ్చెన దగ్గరికి పోతే మాస్టారు భుజం పట్టుకుని ఆపారు.

"ఆ కాలుతో ఎక్కుతావా, సిగ్గులేదా అన్నారమ్మా. చెప్పుల్లోంచి కాళ్లు తీసి ఆయనే ఎక్కారు."

ఇంకేమైనా వింత జరిగిందా ఈ మధ్య అని అడిగింది. నెల కిందట పని బల్ల మీదికి తీసిచ్చిన ఇండియం అనే ఖరీదైన లోహపు కడ్డీల్లో మూడు తగ్గాయట. బావగారు వద్దన్నా వినకుండా తనే స్టేషన్లో ఫిర్యాదు రాసిచ్చాడట. ఎవరూ రాలేదు. మళ్లీ వెళ్లి, ఎవరు తీశారో తనకు తెలుసని చెప్పి వచ్చాడట.

"నిజంగా తెలుసా బాబాయ్?"

"తెలీదమ్మా. అలా అంటేనైనా కదుల్తారని అన్నాను."

*

సీలు ఇన్‌స్పెక్టరుది, తాళంచెవి అమ్మగారిది. ఇద్దరూ ఒప్పుకోకుండా గది తెరవకూడదని మంగళవారం నాడే ఆమె పట్టుబట్టింది. భర్త పోయిన గంటలో ఆ బుద్ధి పుట్టడం మామూలు సంగతి కాదు. ఆ తాళంచెవి ఇప్పుడు డిటెక్టివ్ చేతిలో ఉంది. మూడు గంటలకు ఇన్‌స్పెక్టరు సీలు పగలగొట్టాడు, ఆమె తాళం తీసింది. బాబాయ్‌ని బయటే ఉంచి తలుపు దగ్గరికి వేశారు.

లోపల చలి. ఏసీ ఇరవై రెండు దగ్గర పెట్టినది పెట్టినట్టే తిరుగుతోంది. పై అరలో నలభై సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్కదాని మీదా లోహం పేరు లేదు. మాస్టారు పేర్లు రాయరు. బళ్లో పిల్లలకు చెప్పిన ముద్దుపేర్లే చీటీల మీద రాసి అతికించారు. బరువుది, నీలిది, అరచేతిది, ఏడ్చేది. ఎవరికేం కావాలన్నా చీటీ రాసిస్తే బాబాయ్ తీసిచ్చేవాడు. ఈ పేర్లు తెలిసినవాళ్లు వర్క్‌షాపులో వాళ్లిద్దరే.

"ఇదేం పిచ్చి," అన్నాడు ఇన్‌స్పెక్టరు తలెత్తి చూస్తూ. "ఏడ్చే సీసా కూడా ఉందా ఇందులో? పోలీస్ స్టేషన్లో పెట్టుకోవాల్సింది."

ఆమెకు నవ్వొచ్చింది. నిచ్చెన దగ్గర కూర్చుంది.

బోల్టు వదులుగానే ఉంది. కానీ నిచ్చెన జారలేదు. ఏడో మెట్టు ఎడమ కొసన విరిగింది. వంగలేదు, చీలలేదు. ఎండిన బిస్కెట్టు విరిగినట్టు పుటుక్కున విరిగింది. విరిగిన చోట అంచు బూడిద రంగులో, వేలు తాకితే రాలుతోంది. మిగతా మెట్లన్నీ తట్టి చూసింది. అన్నీ గట్టిగానే మోగాయి. బల్ల మీది నీళ్ల సీసా తీసి విరిగిన అంచు మీద నాలుగు చుక్కలు వేసింది. సన్నటి బుడగలు లేచాయి. అవి ఆగేదాకా ఇద్దరూ చూశారు.

"మామూలు అల్యూమినియం నీళ్లకు ఇలా బుడగలు కక్కదు," అంది.

"తెలుసు," అన్నాడు అతను. "గాలియం. నా క్యారేజీ మూత తినేసింది చూడు, అదేగా. మా అమ్మ మూత ఏదిరా అంటే మాస్టారు కరిగించారని చెప్పాను. నమ్మక రెండు వేసింది."

ఆ రోజు ఆమెకూ బాగా గుర్తు. ఎక్కడో లాబొరేటరీలో బతిమాలి తెచ్చిన గోరంత ముక్కను మాస్టారు ఒక్కొక్కరి అరచేతిలో పెట్టారు. ఒంటి వేడికే అది కరిగి బొట్టయింది. చూడ్డానికి పాదరసంలా ఉన్నా అంత విషం కాదని, అందుకే జ్వరం చూసే గొట్టాల్లో పాదరసం స్థానానికి వస్తోందని చెప్పారు. ఒకసారి కరిగితే చల్లబడినా చాలాసేపు గడ్డకట్టనని మొండికేస్తుందన్నారు. ఆ బొట్టును పొద్దున మొదటి బెంచీ క్యారేజీ మూత మీద గీత గీసి రుద్దారు. సాయంత్రం గంట కొట్టే వేళకు మూత వేళ్ల మధ్య పొడైంది. అల్యూమినియం రేణువుల సందుల్లోకి అది దూరిపోతుంది, పైకి ఏమీ కనపడదు అన్నారు.

"అయితే ఇంకా సులువైపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నిర్లక్ష్యం కాదు, కావాలనే చేశాడు. గాలియం ఏ సీసాలో ఉందో తెలిసింది ఎవరికి? మీ బాబాయ్‌కి. ఆ రోజు నిచ్చెనెక్కనిది ఎవరు? మీ బాబాయ్. కాగితం మార్చి రాస్తే సరిపోతుంది."

ఆమె బల్లను అర కిందికి లాక్కుని ఎక్కింది. 'అరచేతిది' అన్న చీటీ ఉన్న సీసా ఎదురుగానే ఉంది. గాజు సీసా. దాని పొట్ట మీద పైనుంచి కిందకి పగులు. లోపల వెండి రంగు లోహం గడ్డకట్టి, పగుల్లోంచి ఒక అంచు బయటికి పొడుచుకొచ్చింది. సీసా కింద దుమ్ము చెదరలేదు. కదిలి పడి పగిలింది కాదు. నిలబడిన చోటే, తనంతట తాను పగిలింది.

ఆమెకు మాస్టారు పక్కన నిలబడి 'చూసింది చెప్పు, అనుకున్నది తర్వాత' అంటున్నట్టే ఉంది. చదువురాని మొద్దని ఊరంతా తేల్చేసిన పిల్లకు చూడటమూ ఒక చదువేనని చెప్పిన మనిషి ఆయన. ఆ ఒక్క మాట మీద ఆమె ఇన్నేళ్లూ అన్నం తింటోంది. ఆ సంగతి ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

"నీకు థ్యాంక్స్ చెప్పాలి," అంది కిందికి చూసి.

"నాకా? దేనికి?"

"సీలు వేసినందుకు. లేకపోతే ఎవరో ఒకరు ఈ సీసా తీసి పారేసి, అర తుడిచేసేవాళ్లు. నిజంగానే అంటున్నాను."

అతను పై అర వంక చూశాడు.

ఆమె దిగి వచ్చి బల్ల సొరుగు లాగింది. మూతలతో సహా డజను ప్లాస్టిక్ సీసాలు, కొత్తవి. మాస్టారు గాలియాన్ని ఎప్పుడూ ప్లాస్టిక్‌లోనే ఉంచేవారు. అది నీళ్ల లాంటిది, గడ్డకడితే ఒళ్లు పెరుగుతుంది, గాజులో పెడితే గాజును బద్దలు కొడుతుంది. బాబాయ్‌కి ఈ సంగతి నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఆయనే చేసి ఉంటే, చేతి కింద పన్నెండు ప్లాస్టిక్ సీసాలు పెట్టుకుని గాజు సీసా వెతుక్కుంటాడా? ఇది సోమవారం భోజనం వేళ హడావుడిగా వచ్చినవాడి పని. ఉన్న సీసాను సగం లోహంతో సహా జేబులో వేసుకున్నాడు. అర బోసిగా కనపడకుండా మిగతా సగం దొరికిన గాజు సీసాలో పోసి, పాత సీసా మీది చీటీ ఊడదీసి దానికి అతికించాడు. ఒంటి వేడికి కరిగించి పోసినప్పుడు అది ద్రవం. రాత్రి చలికి గడ్డకట్టి సీసాను పగలగొట్టింది. ఒంటిగంటకు రుద్దిన గాలియానికి మర్నాడు తొమ్మిదీ నలభై దాకా ఇరవై గంటలకు పైగా దొరికింది. మెట్టు తినెయ్యడానికి అంత కూడా అక్కర్లేదు.

ఇన్‌స్పెక్టరు చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"మరి మాస్టారిని ఎవరు చంపుతారు? చీమకు కూడా దారిచ్చే మనిషిని."

"మాస్టారిని ఎవరూ చంపాలనుకోలేదు," అంది ఆమె. "పదకొండేళ్లుగా మంగళవారం తొమ్మిదిన్నరకు ఆ మెట్టెక్కేది ఎవరు?"

బయట బెంచీ మీద బాబాయ్ దగ్గు వినిపించింది. ఇద్దరూ తలుపు వంక చూశారు.

"ఇది ఆయనకు చెప్పకు," అంది గొంతు తగ్గించి. "బావగారు తన బదులు ఎక్కారని ఇప్పటికే కుమిలిపోతున్నాడు. ఆ ఉచ్చు తన కోసమే పెట్టిందని తెలిస్తే తట్టుకోలేడు. అది నేను చెప్పుకుంటాను, నెమ్మదిగా."

అతను తలూపాడు. ఇండియం పోయిందని బాబాయ్ ఇచ్చిన ఫిర్యాదు సంగతి ఆమె అడిగింది. ఆ కాగితం తన దాకా రాలేదన్నాడు. స్టేషన్లో కాగితాలు తప్పిపోవడం కొత్త కాదు గనక ఆమె దాన్ని పొడిగించలేదు. అసలు సంగతికొచ్చింది. నలభై సీసాల్లో 'అరచేతిది' అంటే ఏదో తెలిసినవాడు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. అల్యూమినియం సంగతి తెలుసు, గాజు సంగతి తెలియదు. మాస్టారు ఆ పాఠం రెండు రోజులు చెప్పారు. మొదటి రోజు అరచెయ్యీ, క్యారేజీ మూతా. గాజు బుడ్డి పగలడం రెండో రోజు. మొదటి రోజు బడికొచ్చి రెండో రోజు రానివాడెవడో, వాడే.

"ఇరవయ్యేడేళ్ల కిందటి సంగతి ఎవడికి గుర్తుంటుంది?"

"ఎవడికీ గుర్తుండక్కర్లేదు. మాస్టారు ఒక్క హాజరు పట్టీ పారెయ్యలేదు. అన్నీ ఇంట్లో స్టీలు బీరువాలో, ఏడాది వారీగా ఉన్నాయి."

అతను గడియారం చూసుకున్నాడు. మూడూ నలభై ఎనిమిది. బాబాయ్‌ని తనే జీపులో ఇంటి దగ్గర దింపుతానన్నాడు. కాగితం ఎలాగూ చెల్లదు, పెద్దాయన మూడు రోజులుగా సరిగ్గా నిలబడలేకపోతున్నాడు, వస్తూ వస్తూ ఆ పట్టీ కూడా అడిగి తెస్తానన్నాడు. గది తాళం వేసి నిమ్మళంగా రమ్మన్నాడు.

"నువ్వింత మంచివాడివని తెలిస్తే బళ్లో నా పెన్సిళ్లు నీకే ఇచ్చేదాన్ని," అంది.

"ఇచ్చావుగా. తిరిగివ్వలేదు నేనే."

బాబాయ్ జీపెక్కుతూ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. నీ రుణం ఉంచుకోనమ్మా అన్నట్టు తల ఊపాడు. ఆమె ఇన్‌స్పెక్టరు వైపు చూసి, మనస్ఫూర్తిగానే, చేయెత్తింది. కానిస్టేబుల్‌ని గేటు దగ్గర ఉండమని, జీపు తనే నడుపుకుంటూ వెళ్లాడు అతను. మూడూ యాభై రెండు.

*

తాళం వేసే ముందు ఆమె మళ్లీ లోపలికి వెళ్లింది. పనేమీ లేదు. మాస్టారి చేతిరాత ఇంకొకసారి చూడాలనిపించింది. మళ్లీ బల్లెక్కింది. అర చివర 'ఏడ్చేది' సీసా ఉంది. మూత తీసి ఒక సన్నటి కడ్డీ చేతిలోకి తీసుకుంది.

ఇండియం. గాలియానికి అన్న వరసే, గుణం వేరు. అరచేతిలో కరగదు, దానికి నూట యాభై ఆరు డిగ్రీల పైనే కావాలి. కానీ మెత్తన, గోరుతో గీత పడుతుంది. గాజుకూ తుప్పు పట్టని ఉక్కుకూ అతుక్కుపోయి గాలి చొరకుండా మూస్తుంది. అందుకే వర్క్‌షాపు వాళ్లు విపరీతమైన చలిలో పనిచేసే పాత్రల మూతలకు దీన్నే వాడతారు. కిందటి ఏడాది కలిసినప్పుడు మాస్టారు ఆమె ఫోను చూపించి చెప్పారు. నీ వేలు రుద్దే ఈ గాజు మీద కనపడకుండా పరుచుకుని నీ మాట వినేది ఇండియం, లోపల వెలుగిచ్చేది గాలియం, ఒకటి వినేది ఒకటి చూపేది అన్నారు.

కడ్డీని చెవి దగ్గర పెట్టి నెమ్మదిగా వంచింది. సన్నటి కీచు. రేణువులు ఒకదాని మీద ఒకటి జరిగే చప్పుడు. బళ్లో రెండో రోజు మాస్టారు గాజు బుడ్డి పగలడం చూపించాక ఈ కడ్డీని వరస తప్పకుండా అందరి చెవుల దగ్గరా వంచారు. చివరి బెంచీ దగ్గరికొచ్చి వంచలేదు, ఆమె చేతికే ఇచ్చారు. నువ్వే వంచమ్మా, అన్నారు. అంత విలువైన వస్తువు ఆమె చేతిలో పెట్టిన మొదటి మనిషి ఆయన. ఆ చప్పుడు విన్న పిల్లలెవరూ దాన్ని మరిచిపోలేరు. ఆ రోజు సాయంత్రం దాకా ఎవరైనా కన్నీళ్లు పెట్టుకుంటే 'ఇండియం' అని ఏడిపించారు.

ఆమె కడ్డీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఏడ్చే సీసా కూడా ఉందా ఇందులో?

అతను వెటకారమాడుతున్నాడనుకుంది. వెటకారం కాదేమో. నిజంగానే అడిగాడేమో. క్యారేజీ మూత గుర్తుంది. గాలియం పేరు ఆమె కంటే ముందు అతనే అన్నాడు. ఏడుపు మాత్రం తెలియదు. సోమవారం క్యాంటీన్లో ఉన్నాడు. ఎవరు తీశారో తెలుసని బాబాయ్ చెప్పింది అతని స్టేషన్లోనే, ఆ ఫిర్యాదు మాత్రం తనకు అందలేదన్నాడు. సీలు అతనిదే. సీలు గదిని కాపాడుతుంది, దాచి కూడా ఉంచుతుంది. తాళంచెవి అమ్మగారు ఉంచుకోకపోతే ఆ పగిలిన సీసా ఈ రోజు ఉండేదా?

మరిచిపోయి కూడా ఉండొచ్చు. ఇరవయ్యేడేళ్లు. చూసింది చెప్పు, అనుకున్నది తర్వాత. ఆ రెండో రోజు మొదటి బెంచీలో ఎన్ని తలలున్నాయో గుర్తు తెచ్చుకోవడానికి ఆమె కళ్లు మూసుకుంది. గుర్తు రాలేదు.

మూడూ యాభై ఆరుకి ఇంటికి ఫోన్ చేసింది. అమ్మగారు వెంటనే ఎత్తింది. జీపు ఇప్పుడే గేటు ముందు ఆగిందని చెప్పింది.

"అమ్మగారూ, బాబాయ్‌ని మీ కళ్ల ముందు నుంచి కదలనివ్వకండి. ఎవరు ఎక్కడికి రమ్మన్నా పంపకండి. బీరువా తెరవకండి. నేను వచ్చేస్తున్నాను."

ఎందుకని ఆవిడ అడగలేదు.

"మీ మాస్టారి పుస్తకాలు నేనెవరికీ ఇవ్వనని నీకు తెలుసుగా," అంది. "తాళాలు నా కొంగున ఉన్నాయి. నువ్వు జాగ్రత్తగా రా."

డిటెక్టివ్ కడ్డీని సీసాలో పెట్టి మూత బిగించింది. గది తాళం వేసింది. వర్క్‌షాపు నుంచి ఆ ఇంటికి నడిస్తే పావుగంట, పరిగెత్తితే ఏడు నిమిషాలు.

మాస్టారికి చెప్పాల్సిన మాట చెప్పనే లేదు. బాబాయ్‌కి చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు. ఆ రెండో రోజు హాజరు పట్టీ ఇంకా ఎవరూ తెరవలేదు.